అచ్చులో తప్పా, దెబ్బలో తప్పా?

నాణెం మీద ఒక అంకె పక్కనే అదే అంకె మరోసారి కనిపిస్తే చాలు, దానికి ‘డబుల్ డై’ అని పేరు పెట్టేస్తున్నారు. తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా నాణేలు పోగుచేసే కుర్రాళ్ల ఫోన్లలో ఇప్పుడు తిరిగే ఫోటోలు ఎక్కువగా ఇవే. వెండి రూపాయల కోసం, పాత రాగి కాసుల కోసం బంగారప్పని వాళ్ల కొట్ల చుట్టూ తిరిగిన తరం ఒకటుండేది. ఇప్పటివాళ్లు కిరాణా కొట్లో చిల్లరగా వచ్చిన స్టీలు రూపాయి బిళ్లనే భూతద్దం కింద పెడుతున్నారు. ఈ మార్పు నాకు ఇష్టమే. డబ్బున్నవాళ్లకే చెల్లిన సరదా, బస్సు కండక్టరు ఇచ్చిన చిల్లర దాచుకున్నవాడికీ అందింది. చిక్కల్లా ఒక్కటే. చూస్తున్నదేమిటో తేల్చుకోకుండానే దానికి గ్రేడు వేస్తున్నారు, ధర కట్టేస్తున్నారు. డబుల్ డై పేరుతో చేతులు మారుతున్న మన బిళ్లల్లో చాలా భాగం డబుల్ డైలు కావు. అలా అనడానికి కారణాలు నాణెం తయారయ్యే తీరులోనే ఉన్నాయి.

నాణెం మీద ఉబ్బెత్తుగా కనిపించే బొమ్మ డై మీద గుంటగా ఉంటుంది. ఆ గుంటను దింపేది హబ్ అనే ఉక్కు దిమ్మ. హబ్ మీద బొమ్మ, నాణెం మీద ఉన్నట్టే, పైకి లేచి ఉంటుంది. దాన్ని మెత్తబరిచిన ఉక్కులోకి విపరీతమైన ఒత్తిడితో దింపితే డై తయారవుతుంది. పాత పద్ధతిలో ఒక్క నొక్కుకు బొమ్మ పూర్తిగా దిగేది కాదు. నొక్కేకొద్దీ ఉక్కు గట్టిపడేది. అందుకని డైని తీసి, కాచి మెత్తబరిచి, మళ్లీ హబ్ కింద పెట్టి నొక్కేవాళ్లు. ఆ రెండోసారి వెంట్రుకవాసి పక్కకు తిరిగినా మొదటి అక్షరం మీద రెండో అక్షరం కాస్త ఎడంగా పడుతుంది. అదీ అసలైన డబుల్ డై. తప్పు డైలోనే ఉంది కనుక ఆ డై కొట్టిన ప్రతి నాణెం మీదా అదే జంట గీత, అదే చోట, అదే కొలతలో వస్తుంది. ఒక డై పనిచేసినన్నాళ్లూ వేలల్లో, లక్షల్లో నాణేలు కొడుతుంది. కాబట్టి నిజమైన డబుల్ డైకి తోబుట్టువులు ఉండాలి. ‘ప్రపంచంలో ఇదొక్కటే’ అని ఎవరైనా డబుల్ డై అమ్మజూపితే, ఆ మాటే అనుమానించడానికి మొదటి కారణం.

మన చేతికి తరచూ వచ్చేది వేరు. ప్రెస్సులో డై బిగువు తప్పి, నాణేన్ని కొట్టి పైకి లేచే క్షణంలో రవంత జారుతుంది. అప్పటికే లేచి నిలబడిన అక్షరం అంచును ఆ జారుడు అణిచేస్తుంది. రబ్బరు స్టాంపు వేసి ఎత్తేటప్పుడు చెయ్యి జారితే కాగితం మీద ఏమవుతుందో, ఇక్కడ లోహం మీద అదే అవుతుంది. దీన్ని మెషీన్ డబులింగ్ అంటారు. డైలో ఏ లోపమూ లేదు. తర్వాతి దెబ్బకు జారుడు తగ్గవచ్చు, పెరగవచ్చు, అసలు లేకపోవచ్చు. మూడోది డై అరుగుదల. పని చేసి చేసి అలసిన డై మీద అక్షరాల అంచులు పాకిపోయి, నాణెం మీద అక్షరం చుట్టూ మసక చాలు ఏర్పడుతుంది. ఫోటోలో ఈ మూడూ ఒకేలా ఉంటాయి. చేతిలో పెట్టుకుని చూస్తే ఉండవు.

నా దగ్గరున్న ఒక స్టీలు రూపాయి సంగతి చెబుతాను. బొటనవేలు చూపే హస్తముద్ర ఉన్న రకం, సంవత్సరం కింద హైదరాబాదు టంకశాల నక్షత్రం. పదింతలు చూపే భూతద్దం కింద, దీపాన్ని ఒక పక్కనే ఉంచి చూస్తే అంకెలన్నిటికీ కుడివైపు ఒక మెట్టు కనబడుతుంది. మెట్టు పైభాగం బల్లపరుపుగా, కత్తితో చెక్కినట్టు మెరుస్తుంది. నాణెం నేలమట్టానికి దగ్గరగా ఉంటుంది. అసలు అంకె పైభాగమేమో సన్నబడింది. మెట్టు ఏర్పడడానికి కావలసిన లోహం ఆ అంకెలోనుంచే వచ్చింది మరి. నక్షత్రం కొనలకూ అదే వైపు, అదే మెట్టు. బిళ్లను నెమ్మదిగా తిప్పితే మెట్టు ఒక్కసారిగా మెరిసి, మరుక్షణం నల్లబడుతుంది. ఇది జారుడు దెబ్బ, సందేహం లేదు. అసలైన డబుల్ డై అయితే అక్షరం సన్నబడదు, లావెక్కుతుంది. రెండు రూపాలూ నిండుగా, గుండ్రంగా లేస్తాయి. అక్షరం కొసలో, మూల తిరిగే చోట, రెండుగా చీలినట్టు చిన్న గాడి కనిపిస్తుంది. నా మటుకు నేను ముందుగా వెతికేది ఆ గాడినే. అది కనబడని నాణేన్ని పక్కన పెట్టేస్తాను.

అమెరికా సెంటు నాణేలు సేకరించేవాళ్లకు మరో మంచి పరీక్ష ఉంది. అక్కడ 1990 ప్రాంతం వరకు టంకశాల గుర్తును పని డై మీద విడిగా, చేత్తో కొట్టేవాళ్లు. అందువల్ల హబ్ తప్పిదం ఆ గుర్తుకు అంటదు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పడిన ప్రసిద్ధ డబుల్ డై సెంటులో సంవత్సరమూ అక్షరాలూ జంటగా ఉంటాయి గానీ ‘ఎస్’ గుర్తు ఒంటరిగానే ఉంటుంది. గుర్తు కూడా అంకెలతో పాటు ఒకే వైపు జంటగా ఉంటే అది మెషీన్ డబులింగ్ అని తేలిపోతుంది. ఈ సూత్రాన్ని మనవాళ్లు కొందరు హైదరాబాదు నక్షత్రానికి యథాతథంగా తగిలిస్తున్నారు. అది కుదరదు. నక్షత్రం హబ్‌లోనే ఉండి డైలోకి దిగి ఉంటే, నిజమైన డబుల్ డైలో కూడా అది జంటగానే రావాలి. ఆ ఏడాది, ఆ రకానికి గుర్తును ఏ దశలో వేశారో తెలిస్తేనే ఈ పరీక్షకు విలువ. లేకపోతే మెట్టునీ గాడినీ చూసే తేల్చాలి.

ఈ సరదాకు పునాది వేసింది 1955 నాటి అమెరికా సెంటు. ఫిలడెల్ఫియా టంకశాలలో తప్పు పట్టుకునేసరికే సుమారు 20,000 నుంచి 24,000 నాణేలు మంచివాటిలో కలిసిపోయాయి. వాటిని ఆపాలంటే మొత్తం రాశిని కరిగించాలి. వద్దనుకుని బయటికి వదిలేశారు. ఆ రోజుల్లో అక్కడ సిగరెట్ల యంత్రంలో పావు డాలరు వేస్తే పెట్టెతో పాటు 2 సెంట్లు చిల్లరగా వచ్చేవి. ఈ జంట గీతల సెంట్లు చాలావరకు ఆ పెట్టెల్లోనే జనం చేతికొచ్చాయని చెబుతారు. 1955 అంకెలూ, పై అక్షరాలూ భూతద్దం లేకుండానే కళ్లకు కడతాయి. ధర పెరగగానే దొంగ నాణేలూ వచ్చాయి. వాటిని ఏరడానికి నిపుణులు చూసేది జంట అంకెల్ని కాదు, వెనక వైపు ‘సెంట్’ అనే మాటలోని ‘టి’ అక్షరానికి ఎడమ పక్కన ఉన్న సన్నని డై గీతల్ని. తప్పును నకలు చేసేవాడు పెద్ద తప్పునే చూస్తాడు, డై ఒంటి మీది గీరను పట్టించుకోడు. మన నాణేలకు ఇలాంటి గీరల లెక్క రాసిపెట్టే అలవాటు ఇంకా రాలేదు. మనకున్న అసలు లోటు ఇదేనని నా నమ్మకం.

అదే 1955లో అరిగిన డై వల్ల మసక జంటగా కనిపించే సెంట్లూ వచ్చాయి. వాటిని అక్కడివాళ్లు ‘పేదవాడి డబుల్ డై’ అంటారు. పేరులో డబుల్ డై ఉన్నా ధరలో లేదు. మన దగ్గర ఈ మసక రకానికి అసలైన డబుల్ డై ధర అడుగుతున్నారు.

మన చరిత్రలో జంట ముద్రలకు కొదవ లేదు. అవి మాత్రం పొరపాట్లు కావు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13,000 పైచిలుకు వెండి నాణేలు బయటపడ్డాయి. అవి క్షహరాత రాజు నహపానుడివి. వాటిలో 9,000కు మించి నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర వేయించాడు. కింద ఓడిన రాజు ముఖం, పైన గెలిచిన రాజు చిహ్నం. తెలిసే వేసిన రెండో దెబ్బ అది. దానికి గ్రేడు వేయాలంటే పై ముద్ర ఎంత స్పష్టంగా ఉందో ఒక్కటీ చూస్తే చాలదు, కింది ముద్ర ఎంత మిగిలిందో కూడా చూడాలి.

ఇంకొకటి మన భాషకు మరీ దగ్గరది. గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి పూర్తిగా వచ్చింది. ఆ తరువాత 1807–08లో మద్రాసు టంకశాల వెండి అర వరహా, పావు వరహా నాణేలు కొట్టింది. ఒక వైపు చుక్కల నడుమ గుడి గోపురం, మరో వైపు విష్ణువు. ఆ నాణేల మీద తమిళంతో పాటు తెలుగు అక్షరాలున్నాయి. కొన్ని అర వరహాలను ఏకంగా స్పెయిన్ డాలర్ల మీదనే కొట్టారు. గోపురం పక్కన, చుక్కల సందుల్లో, పాత స్పానిష్ అక్షరాల తునకలు ఇప్పటికీ కనిపించే నాణేలున్నాయి. తెలుగు అక్షరం కింద స్పెయిన్ రాజు పేరు ముక్క! ఇలాంటి నాణెం పలచని గీతల స్టీలు బిళ్ల కన్నా వంద రెట్లు చెప్పుకోదగ్గది. ‘డబుల్’ అంటూ ఎగబడే కుర్రాళ్లు దీన్ని ఒక్కసారైనా చూడాలని నా కోరిక.

చేత్తో కొట్టిన రోజుల్లో ఏ రెండు నాణేలూ ఒకేలా ఉండేవి కావు. విజయనగర వరహాల మీద డై బిళ్లకన్నా పెద్దదిగా ఉండి సగం అక్షరాలు అంచు దాటిపోయేవి. దాన్ని ఎవరూ తప్పు అనలేదు. అన్నీ ఒకేలా ఉంటాయని యంత్రం మాట ఇచ్చాకే, తేడాకు తప్పు అనే పేరొచ్చింది. తెలుగు నేల మీద ఆ మాట ఇచ్చింది హైదరాబాదు టంకశాల. 1903లో సైఫాబాదులో యంత్రాలతో కొత్త టంకశాల మొదలైంది. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి ఆ కాలానిది. చార్మినార్ వాకిట్లో నిజాం పేరులోని మొదటి అక్షరం ఉంటుంది, మహబూబ్ అలీకి ‘మీమ్’, ఉస్మాన్ అలీకి ‘ఐన్’. ఉస్మాన్ అలీ గద్దెనెక్కిన తొలి రోజుల రూపాయల్లో ఐన్ సగమే ఉంటుంది, తరువాతివాటిలో పూర్తిగా ఉంటుంది. క్యాటలాగులు ఈ రెండింటినీ వేర్వేరు రకాలుగా లెక్కిస్తాయి. ఇవి డై తేడాలే, కానీ హబ్ జారినందువల్ల వచ్చినవి కావు, డై మార్చినందువల్ల వచ్చినవి. 1911 నాటి ఐదో జార్జి రూపాయి కథా ఇలాంటిదే. రాజు అంగీ మీది ఏనుగు బొమ్మ జనానికి పందిలా కనబడింది. గొడవై, ఆ నాణేలను వెనక్కి తీసుకున్నారు. 1912లో తొండం స్పష్టంగా ఉన్న కొత్త డై వచ్చింది. డై రకం, డై తప్పు, దెబ్బ తప్పు – ఈ మూడింటికీ మూడు అరలు పెట్టుకోకుండా సేకరణ మొదలుపెడితే డబ్బా నిండుతుంది గానీ ఏదీ తేలదు.

సైఫాబాదు టంకశాల 1950లో కేంద్రం చేతికి వచ్చింది, 1997లో పని చర్లపల్లికి మారింది. గుర్తు మొదట్లో చీలిన వజ్రం, తర్వాత చుక్కతో వజ్రం, ఆ తర్వాత నక్షత్రం. ముంబయిది వజ్రం, నోయిడాది చుక్క, కోల్‌కతాకు గుర్తు లేదు. సైఫాబాదు పాత భవనంలో 2022 జూన్‌లో టంకశాల మ్యూజియం తెరిచారు. అక్కడ ప్రెస్సుల్నీ డైల్నీ కళ్లారా చూసినవాడు జంట గీతల గురించి తొందరపడి మాట్లాడడు.

ఇక గ్రేడింగ్. 1949లో విలియం షెల్డన్ పాత అమెరికా సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలబద్ద తయారుచేశాడు. 1 అంటే ఏ నాణెమో గుర్తుపట్టగలిగినంత మాత్రం, 70 అంటే లోపం లేనిది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగు సంస్థలు మొదలై ఈ అంకెలను ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇవ్వడం అలవాటు చేశాయి. మన డీలర్లు ఇప్పటికీ వీఎఫ్, ఎక్స్‌ఎఫ్, యూఎన్‌సీ అంటూ అక్షరాలతో సరిపెడతారు. ఏ పద్ధతయినా అది చెప్పేది నాణెం ఒంటి నిగారింపు గురించి. జంట గీత ఎంత గట్టిగా ఉందో ఆ అంకెలో ఉండదు. ఈ రెండింటినీ కలగలిపి ‘65 గ్రేడు డబుల్ డై’ అని ఒక్క ముక్కలో చెప్పేయడం వల్లే గందరగోళమంతా. జంట గీతల్లో కూడా తరగతులున్నాయి. అమెరికా పరిశోధకులు హబ్ ఎలా తప్పిందన్నదాన్ని బట్టి, తిరిగిందా, పక్కకు జరిగిందా, వాలిందా అని చూసి, ఎనిమిది తరగతులు చేశారు. తిరిగిన రకంలో గీతలు అంచు దగ్గర బాగా విడిపోయి నడిమికి వచ్చేసరికి కలిసిపోతాయి. పక్కకు జరిగిన రకంలో అన్ని చోట్లా ఒకే దిక్కుకు ఒకే ఎడం ఉంటుంది. 1990ల చివర్లో అక్కడ ఒకే నొక్కుతో డై చేసే పద్ధతి వచ్చాక కూడా జంటలు పూర్తిగా పోలేదు. వాలిన డై మొదటి స్పర్శకు, పూర్తి నొక్కుకు మధ్య సర్దుకునేటప్పుడు నడి భాగంలో చిన్న జంటలు పడుతున్నాయి.

గ్రేడు కన్నా నేను ఎక్కువ విలువిచ్చేది డై దశకి. కొత్త డై కొట్టిన తొలి నాణేల మీద జంట గీత పదునుగా, గాడితో సహా కనిపిస్తుంది. అదే డై అరిగాక కొట్టిన నాణెం చలామణీలోకే రాకుండా నిగనిగలాడుతున్నా, దాని మీద గీత పాకిపోయి అరుగుదల మసకతో కలిసిపోతుంది. చదువుకోవడానికి జేబుల్లో తిరిగి కాస్త అరిగిన తొలి దశ నాణెమే మేలు. మార్కెట్టు దీనికి ఎదురు నడుస్తుంది, మెరిసేదాన్నే కొంటుంది. కొననివ్వండి. మామూలు స్టీలు రూపాయిని విదేశీ గ్రేడింగుకు పంపే ఖర్చు దాని విలువకు ఎన్నో రెట్లు. పైగా ఆ సంస్థలు మెషీన్ డబులింగును డై రకంగా గుర్తించవు. పంపేముందు ఆ సంగతి తెలుసుకుంటే చాలామంది డబ్బు మిగులుతుంది.

తూకమూ కొలతా మరిచిపోకూడదు. 2011లో మొదలైన రకం రూపాయి 3.79 గ్రాములు, 21.93 మిల్లీమీటర్లు. అదే వరుసలోని పది రూపాయల బిళ్ల 7.71 గ్రాములు, 27 మిల్లీమీటర్లు. రెండు దశాంశాల తూకం చూపే చిన్న కాటా బంగారు కొట్లన్నిటా ఉంటుంది. గీకి, ఆమ్లంలో ముంచి తయారుచేసిన ‘ఎర్రర్లు’ చాలావరకు ఆ కాటా మీదే దొరికిపోతాయి. పది రూపాయల బిళ్ల చెల్లదన్న పుకారుతో మన ఊళ్లలో కొట్లవాళ్లు దాన్ని తీసుకోవడానికి మొరాయించిన కాలముంది. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని ప్రకటించాల్సి వచ్చింది. ఆ వదంతి పుణ్యమా అని ఇళ్లలో వాడకుండా మూలపడ్డ బిళ్లలు సేకర్తలకు మంచి సరుకు.

తెనాలి, బాపట్ల, రేపల్లె – ఈ మూడు ఊళ్లవాళ్లకూ ప్రత్యేకంగా చెప్పాల్సింది గాలి గురించి. బాపట్ల, రేపల్లె సముద్రం దాపున ఉన్నాయి. ఉప్పు తేమ రాగిని, ఇత్తడిని తినేస్తుంది. పీవీసీ కవర్లలో పెడితే ఏడాది రెండేళ్లకు పచ్చటి జిగురు పట్టవచ్చు. పీవీసీ కాని కవరు, మూత బిగువైన డబ్బా, సిలికా జెల్ పొట్లం, అప్పుడప్పుడూ ఆ పొట్లం మార్చడం – ఇంతకు మించి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. చింతపండుతో తోమడం మాత్రం ఆపాలి. చెంబు మెరవాలి, నాణెం మెరవకూడదు. ఆ పులుపు గీతల అంచుల్ని గుండ్రం చేసేసి, డబుల్ డైకి ఆధారమైన గాడినే చెరిపేస్తుంది. తోమిన నాణెం ఏ గ్రేడింగు సంస్థకు పంపినా ‘శుభ్రం చేయబడినది’ అన్న మచ్చతోనే తిరిగొస్తుంది.

భట్టిప్రోలు చుట్టుపక్కల పొలాల్లో దొరికే పాత నాణేల దారి పూర్తిగా వేరు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం తవ్వి బ్రాహ్మీ లిపి ఉన్న ధాతు పేటికలు బయటికి తీసిన నేల అది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. చిల్లరలో దొరికిన స్టీలు రూపాయికి ఉన్న స్వేచ్ఛ నాగలికి తగిలిన సీసపు కాసుకు లేదు. నేల పొరతో పాటు నమోదు కాకపోతే ఆ కాసు చరిత్రకు ఇవ్వాల్సిన సాక్ష్యం కూడా పోతుంది.

ధరల విషయంలో జాలి కలిగించే మోసాలు జరుగుతున్నాయి. పాత బిళ్లకు లక్షలిస్తామని ప్రకటన వేస్తారు, ముందు ‘కమీషను’, ‘పన్ను’ కట్టమంటారు, రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న దొంగ కాగితం పంపుతారు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న ఈ పేరుతో తాము ఎవరి దగ్గరా ఏ రుసుమూ వసూలు చేయడం లేదని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని హెచ్చరించింది. కొనేవాడు ముందు డబ్బు ఇస్తాడు గానీ అడగడు. ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి ఉంచితే, పింఛను డబ్బులు పోగొట్టుకునే ముసలివాళ్లు కొందరైనా తప్పించుకుంటారు.

మూడు ఊళ్లవాళ్లూ కలిసి చేయగలిగిన పని ఒకటుంది. నక్షత్రం గుర్తు ఉన్న నాణేలకు ఒక డై చిట్టా. జంట గీత ఉన్నట్టు తోచిన ప్రతి బిళ్లకూ విలువ, సంవత్సరం, తూకం, బొమ్మా బొరుసుల ఫోటోలు ఒకే దిక్కు దీపంలో తీసి పెట్టాలి. గాడి ఏ అక్షరం మూలలో ఉందో, ఏ దిక్కుకు జరిగిందో, పక్కన డై గీరలు ఏమున్నాయో రాయాలి. తెనాలిలో దొరికిన గీతకు రేపల్లెలో అదే గీర, అదే గాడితో జోడీ దొరికితే, ఆ డై ఉన్నట్టు రుజువైంది. జోడీ దొరకనంతవరకూ రకం అన్న గడి ఖాళీగా వదిలేయాలి, ధర అన్న గడి అసలు పెట్టకూడదు.